16 పవర్ 3/4 ఎంత అంటే నేను 12 అన్నాను

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒకరోజు రాత్రి హోంవర్కు చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తున్నాను. 16 పక్కన కాస్త పైకి చిన్నగా 3/4 అని ఉంది, అది దానికి ఎదురుగా 8 అని రాసుకుంది. నాకు తేడా కొట్టింది. పదహారులో ముప్పావు పన్నెండు కదా, కూరగాయల బండి దగ్గర నిలబడే ఎవర్నడిగినా చెబుతారు. "కాదమ్మా, తప్పు, పన్నెండు వస్తుంది చూడు" అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసింది, రబ్బరు తీసి 8 చెరిపేసి 12 వేసింది. మర్నాడు సాయంత్రం బడి నుంచి నేరుగా షాపుకొచ్చి నోట్సు కౌంటర్ మీద పడేసింది. 12 చుట్టూ ఎర్ర సున్నా. "నాన్నా, ఇంకెప్పుడూ నాకు లెక్కలు చెప్పకు."

నాది తెనాలిలో చిన్న జిరాక్స్ షాపు. టెన్త్ తెలుగు మీడియం, లెక్కల్లో 41 మార్కులు, ఆ తర్వాత లెక్కలు లేని గ్రూపు చూసుకుని ఇంటర్‌లో చేరిపోయాను. అప్పట్నుంచి నాకూ లెక్కలకూ ఉన్న సంబంధమంతా ఇన్ని కాపీలైతే ఎంత అన్నంతవరకే. అయినా ఆ ఎర్ర సున్నా ఊరుకోనివ్వలేదు, మంచి జవాబును చెరిపించి మరీ తప్పు రాయించాను కదా. దాని పుస్తకంలో ఆ పాఠం మొత్తం ఒక కాపీ తీసుకుని (సొంత మెషిన్, డబ్బులేం పోతాయి) షాపు ఖాళీగా ఉండే మధ్యాహ్నం పూట కూర్చోవడం మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది. ఇక్కడ పైన వేసే చిన్న అంకెను 'పవర్' అని రాస్తున్నాను, మనం నోటితో అనేది అలాగే కాబట్టి.

మొదట అడ్డుపడింది మాటలు. దాని పుస్తకం ఇంగ్లీషు, నా బుర్ర తెలుగు మీడియం. అది రేషనల్ ఎక్స్‌పొనెంట్స్ అంటుంటే ఇదేదో మా కాలంలో లేని పాఠం అనుకున్నా, తీరా చూస్తే అకరణీయ ఘాతాంకాలే (ఘాతాంకం అంటే ఆ పవరే, ఇక్కడ అది భిన్నం). ఇందులో ఒక తిరకాసుంది, తెలుగు మీడియం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషులో ముందు 'ఇర్' తగిలించి కాదనేది ఇర్రేషనల్‌ని, మనం 'అ' తగిలించి కాదనేది రేషనల్‌ని. కరణి అంటే √2 లాగా ఎంత లాగినా తెగని మూలం, అలా కానిది అకరణీయం. దాంతో అది ఇర్రేషనల్ అన్నప్పుడల్లా నేను అకరణీయం అనుకుంటూ రెండు రోజులు ఇద్దరం తలకిందులుగా వాదించుకున్నాం. అన్నిటికీ మించి, 16 పవర్ 3/4 లో 16ని ఏమంటారని అడిగితే నేను 'భూమి' అన్నాను, మా పుస్తకంలో అలాగే ఉండేది. "ల్యాండా నాన్నా?" అని పడీపడీ నవ్వింది.

సరే, ముప్పావు ఎందుకు కాదు? 2 పవర్ 3 అంటే మూడు రెండ్లు పక్కపక్కన పెట్టి గుణించడం, అంతవరకు బాగానే ఉంది. మరి 9 పవర్ 1/2 అంటే? అరతొమ్మిదిని పెట్టి గుణించాలా? అరసారి గుణించడం అంటే అసలేంటి? ఇక్కడ నాలుగు రోజులు కొట్టుకున్నాను. చివరికి దారి దొరికింది నాకు ముందే వచ్చిన సంగతిలోనే: భూమి ఒకటే అయితే గుణకారంలో ఘాతాంకాలు కూడాలి. 2 పవర్ 3 ని 2 పవర్ 4 తో గుణిస్తే 2 పవర్ 7, ఇది నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 9 పవర్ 1/2 ఎంతో తెలియదు, పోనీ, తెలియనిదాన్నే దానితో గుణించి చూద్దాం అనుకున్నా. అర, అర కలిపితే ఒకటి. అంటే 9 పవర్ 1, అంటే 9. తనతో తనను గుణిస్తే 9 అయ్యేది 3. పాత రూలు చెడకుండా ఉండాలంటే 9 పవర్ 1/2 కి వర్గమూలం కావడం తప్ప వేరే గతి లేదు! కౌంటర్ మీద రఫ్ కాగితంపై ఇది రాసుకున్నప్పుడు ఒక కస్టమర్ రెండుసార్లు పిలిచినా నాకు వినబడలేదు. మైనస్ 3 కూడా తనతో తను గుణిస్తే 9 అవుతుందిగా అని మా అమ్మాయి పట్టుకుంది. అవుతుంది, కానీ ఈ గుర్తు వేసినప్పుడు ప్లస్ విలువే తీసుకోవాలని ఒప్పందం. ఇలా పైన భిన్నం వేయడం న్యూటన్ 1676లో రాసిన ఉత్తరంలో కనిపిస్తుందట. ఏఏ, ఏఏఏ అనే బదులు ఏ పవర్ 2, ఏ పవర్ 3 రాసినట్టే √ఏ బదులు ఏ పవర్ 1/2 రాస్తున్నాను అని అందులో విడమర్చి చెప్పుకున్నాడు. అంత పెద్దాయనకే విడమర్చాల్సి వచ్చిందంటే నాలుగు రోజులు కొట్టుకోవడం పెద్ద తప్పేం కాదు.

ఆ 'సగం' నా బుర్రలో ఎందుకంత గట్టిగా పాతుకుపోయిందో కూడా తర్వాత దొరికింది. 4 పవర్ 1/2 అంటే 2. 4లో సగమూ 2. చిన్నప్పుడు మొదటి ఉదాహరణ 4తోనే చూసి ఉంటాను, అది కలిసొచ్చేసరికి అదే రూలనుకుని పాతికేళ్లు మోశాను. సున్నాను పక్కనపెడితే వర్గమూలమూ సగమూ ఒకటయ్యే సంఖ్య 4 ఒక్కటే. దరిద్రం చూడండి, ఎవరు నేర్పినా మొదలుపెట్టేది దాంతోనే.

అక్కడి నుంచి 16 పవర్ 3/4 సులువైపోయింది. కింద ఉన్న 4 ఏ మూలమో చెబుతుంది, పైన ఉన్న 3 ఎన్నిసార్లు గుణించాలో చెబుతుంది. 16కి నాలుగో మూలం, అంటే నాలుగు పక్కపక్కన పెట్టి గుణిస్తే 16 అయ్యేది, 2, దాన్ని మూడుసార్లు గుణిస్తే 8. ఏది కింద ఏది పైన అని తికమకపడుతుంటే మా అమ్మాయికి చెప్పాను: మూలం అంటే వేరు, వేరు ఎక్కడుంటుంది, కింద. "మరి నీ భూమి?" అంది. అది అసలుకే ఇంకా కింద ఉంది కదా, సరిపోయింది. భూమి అన్నందుకు నవ్విన పిల్ల ఆ రోజు మాత్రం నవ్వలేదు.

ముందు మూలమా, ముందు గుణకారమా అంటే ఎలా చేసినా జవాబు ఒకటే, కష్టం మాత్రం ఒకటి కాదు. 64 పవర్ 2/3 తీసుకోండి. నేను మొదట 64ని 64తో గుణించి 4096 తెచ్చుకుని, దానికి ఘనమూలం వెతుకుతూ అరగంట కూర్చున్నాను. మూలం ముందు తీస్తే 4, నాలుగు నాలుగులు పదహారు, అయిపోయింది. సంఖ్యను ముందు చిన్నది చేసుకుని ఆ తర్వాత పెంచుకోవాలి.

ఈ 64 నాకు తర్వాత ఆయుధమైంది. దీని వర్గమూలం 8, ఘనమూలం 4, ఆరో మూలం 2, అన్నీ తెగుతాయి. ఎక్స్, వైలు ఉన్న లెక్కల్లోకి వచ్చాక ఎక్స్ చోట 64 వేసి జవాబు సరిచూసుకోవడం మొదలుపెట్టాను. ఎక్స్ పవర్ 1/2 ని ఎక్స్ పవర్ 1/3 తో గుణించమంటే మా అమ్మాయి ఎక్స్ పవర్ 1/6 అంది, నేనేమో పైవి పైవి కిందవి కిందవి కూడేసి 2/5 అన్నాను. 64 వేస్తే అసలు లెక్కలో ఎనిమిది నాలుగులు 32. పవర్ 1/6 అయితే 2 వస్తుంది, ఎక్కడ 2, ఎక్కడ 32. నా 2/5 అయితే 64కి ఐదో మూలమే తెగదు, అక్కడే చచ్చింది. ఘాతాంకాలు కూడాలి, వాటిని గుణించేది పవర్ మీద పవర్ ఉన్నప్పుడు. సగం, మూడోవంతు కలిపితే 5/6. ఆరో మూలం 2, ఐదుసార్లు గుణిస్తే 32. కుదిరింది. ఒక సంఖ్యతో కుదిరినంత మాత్రాన జవాబు కరెక్టని గ్యారంటీ లేదు, ఆ 4 విషయంలో నేను మోసపోయింది అలాగే. కుదరకపోతే మాత్రం తప్పని ఖాయం, అనుమానమే అక్కర్లేదు.

మైనస్ ఘాతాంకం దగ్గర అందరూ చేసే తప్పే నేనూ చేశాను, 27 పవర్ మైనస్ 2/3 అంటే మైనస్ 9 అన్నాను. మైనస్ అంటే సంఖ్య హారంలోకి దిగుతుంది, విలువ సున్నా కిందకు పోదు. 1/9. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, పదిసార్లు తప్పు చేస్తే అదే అలవాటవుతుంది.

నన్ను నిజంగా ఏడిపించిన లెక్క ఇది. బ్రాకెట్‌లో ఎక్స్ పవర్ 1/2, వై పవర్ మైనస్ 2/3 రెండూ గుణకారంలో ఉన్నాయి, బ్రాకెట్ మొత్తానికి పవర్ 6. కింద హారంలో ఎక్స్ పవర్ మైనస్ 1, వై పవర్ 2. సూక్ష్మీకరించండి. చూడగానే టెన్షన్, ఏ చివర పట్టుకోవాలో తెలియదు. రెండు మూడు రోజులు రకరకాలుగా పాడుచేశాక ఒక పద్ధతికొచ్చాను: ముందు బ్రాకెట్ విప్పాలి, తర్వాత ఒక్కో అక్షరాన్ని విడిగా చూడాలి, రెంటినీ ఒకేసారి ముట్టుకోకూడదు. విప్పితే సగం ఆరుసార్లు, 3. మైనస్ 2/3 ఆరుసార్లు, మైనస్ 4. అంటే లవంలో ఎక్స్ పవర్ 3, వై పవర్ మైనస్ 4, అప్పటికే భిన్నాలన్నీ మాయం, సగం భయం పోయింది. ఇప్పుడు ఎక్స్ ఒక్కటే. పై 3 లోంచి కింది మైనస్ 1 తీసేయాలి. నేను 3 లోంచి 1 తీసి 2 అని రాశాను. జవాబు ఎక్స్ పవర్ 2 అనుకుని, ఎందుకైనా మంచిదని ఎక్స్ చోట 4, వై చోట 1 వేసి చూశా (64 వేస్తే సంఖ్యలు కొండంతవుతున్నాయి). పైన 2 పవర్ 6 అంటే 64, కింద పావు. 64ని పావుతో భాగిస్తే 256. నా జవాబు 16. మైనస్ 1 ని తీసేయడం అంటే ఒకటి కలపడం, 3 కి 1 కలిపితే 4, నాలుగు పవర్ నాలుగు 256. అప్పు కొట్టేస్తే చేతిలో డబ్బు పెరిగినట్టే కదా, వ్యాపారం చేసేవాడిని, ఇది నాకు ముందే తట్టాల్సింది. వై సంగతి సులువు, మైనస్ 4 లోంచి ఇంకో 2 పోతే మైనస్ 6. చివరికి ఎక్స్ పవర్ 4 బై వై పవర్ 6. అంత పొడుగు సమాసం ఇంత చిన్నదవడం చూస్తే, ఇరుకు గదిలో పాత సామాను తీసేశాక నేల కనబడినట్టుంటుంది.

కూడిక, తీసివేత ఉంటే ఈ రూల్సేవీ నేరుగా పనిచేయవు, ఇది కూడా దెబ్బ తిన్నాకే తెలిసింది. 9, 16 కూడి మొత్తానికి పవర్ 1/2 వేస్తే 25కి మూలం 5, విడివిడిగా వేస్తే 3, 4 కలిపి 7. మా అమ్మాయి ఎక్స్ పవర్ 3/2 లోంచి ఎక్స్ పవర్ 1/2 తీసేయమంటే ఘాతాంకాలు తీసేసి ఎక్స్ అని రాసింది. 64 వేసి చూడమన్నాను. 512 లోంచి 8 పోతే 504, దాని జవాబు 64. "మరెలా?" అంది. రెండు పదాల్లోనూ చిన్న ఘాతాంకం ఏదో దాన్ని బయటికి లాగాలి. ఎక్స్ పవర్ 1/2 బయటికొస్తే లోపల ఎక్స్ మైనస్ 1. ఎనిమిది అరవైమూళ్లు 504. అదే మైనస్ ఘాతాంకం ఉంటే చిన్నది ఏదో చూసేటప్పుడు జాగ్రత్త. ఎక్స్ పవర్ 1/2, ఎక్స్ పవర్ మైనస్ 1/2 కూడికలో ఉంటే చిన్నది మైనస్ 1/2. దాన్ని లాగితే లోపల ఎక్స్ ప్లస్ 1 మిగులుతుంది. 64కి ఎనిమిది, ఎనిమిదోవంతు కలిపితే 65/8, ఇటు ఎనిమిదోవంతు ఇంటూ 65, అదే.

భూమి ధన సంఖ్య అయ్యుండాలి అని పుస్తకంలో ఒక మూల రాసి ఉంటుంది, ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. మైనస్ 8 పవర్ 1/3 అంటే మైనస్ 2, ఎందుకంటే మూడు మైనస్ రెండ్లు గుణిస్తే మైనస్ 8. బాగుంది. 1/3 ని 2/6 అని రాయొచ్చు కదా, ఏం తేడా? మైనస్ 8 ని రెండుసార్లు గుణిస్తే 64, ఆరో మూలం 2. మైనస్ 2 కాస్తా ప్లస్ 2 అయింది. ఇదేంటి, మోసం అని ఆ రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నాం. ఆ మూలన రాసిన షరతు ఈ గొడవ రాకుండా పెట్టిందే.

ఇదంతా ఒక ఎత్తు. మూడోవారంలో ఒక మధ్యాహ్నం ఏ3 ని ఏ4 లోకి తగ్గిస్తూ, పన్నెండేళ్లుగా నొక్కుతున్న బటన్ వైపు మొదటిసారి సరిగ్గా చూశాను. 71 శాతం. షాపు పెట్టిన కొత్తలో ఒక పాలిటెక్నిక్ కుర్రాడు ఏ3 డ్రాయింగ్ తెచ్చి "అన్నా, సగం చెయ్" అంటే 50 శాతం కొట్టాను. బొమ్మ ఏ4 లో సగం కాగితానికి కుదించుకుపోయి ఒక మూలన పడింది. నేను బెదిరిపోయి డబ్బులు తీసుకోలేదు. మెకానిక్‌ని అడిగితే "ఏ3 నుంచి ఏ4 కి 71 అండి, తిరిగి పెంచాలంటే 141, అంతే" అన్నాడు. ఎందుకని అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు చూస్తే అది నా 1/2 ఘాతాంకమే. సగం కావాల్సింది వైశాల్యం, మెషిన్ అడిగేది పొడుగు. పొడుగును సగం చేస్తే వెడల్పూ సగమై వైశాల్యం పావు అవుతుంది. తనతో తనను గుణిస్తే సగం వచ్చే సంఖ్య కావాలి, అంటే 2 పవర్ మైనస్ 1/2. షాపు కాలిక్యులేటర్‌లో 2 నొక్కి √ నొక్కితే 1.4142, అదే 141 శాతం. 1 ని దానితో భాగిస్తే 0.7071, అదే 71. నేను రోజూ ఘాతాంకాలు నొక్కుతున్నానన్నమాట, కూలి కూడా తీసుకుంటూ!

ఇక ఆగలేదు. ఈ సైజులు జర్మనీలో 1922లో ప్రమాణంగా పెట్టినవి, పొడుగు ఎప్పుడూ వెడల్పుకు √2 రెట్లు, అందుకే అడ్డంగా మడిస్తే ఆకారం మారదు. ఏ0 వైశాల్యం ఒక చదరపు మీటరు. ఇంతే ఇచ్చి ఏ4 కొలతలు కనుక్కోగలమా అని మా అమ్మాయితో పందెం వేశాను. ఏ0 వెడల్పును పొడుగుతో గుణిస్తే 1, అంటే వెడల్పు వర్గం ఇంటూ 2 పవర్ 1/2 విలువ 1, వెడల్పు వర్గం 2 పవర్ మైనస్ 1/2, వెడల్పు 2 పవర్ మైనస్ 1/4. పొడుగు 2 పవర్ 1/4. ఏ4 కి నాలుగు మెట్లు దిగాలి, మెట్టుకు మైనస్ 1/2 చొప్పున మైనస్ 2. వెడల్పు 2 పవర్ మైనస్ 9/4, పొడుగు 2 పవర్ మైనస్ 7/4. పావు ఘాతానికి కాలిక్యులేటర్‌లో బటన్ లేదు, కానీ √ రెండుసార్లు నొక్కితే అదే. 2, √, √, 1.1892. నాలుగుతో భాగిస్తే 0.2973 మీటర్లు. స్కేలు పెట్టి కొలిచాం, 29.7 సెంటీమీటర్లు. వెడల్పు 21. పందెం నేను గెలిచాను, కానీ డబ్బులు అదే తీసుకుంది.

రెండూ గుణిస్తే భిన్నాలు పోయి 2 పవర్ మైనస్ 4, అంటే ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారోవంతు. నేను వాడేది 75 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు. 500 కాగితాల రీము 75 ఇంటూ 500 బై 16, 2343.75 గ్రాములు రావాలి. విప్పని రీము పట్టుకుని పక్కనే ఉన్న కిరాణా కొట్టుకు పోయాం. "ఏంటి బాబాయ్, కాగితాలు కిలోల లెక్కన అమ్ముతున్నావా?" అని కొట్టు కుర్రాడి వెటకారం. కాటా మీద 2 కిలోల 360 చూపించింది. ఎక్కువొచ్చిన 16 గ్రాములు పై కవరై ఉంటుంది అన్నాను.

"పదహారా? అందులో ముప్పావు పన్నెండే నాన్నా" అంది మా అమ్మాయి, కాటా మీంచి రీము దించుతూ.